గడీలో దయ్యం ఉందంటే ఎట్ల విచారించాలి: ముందు విన్నరా, ముందు చూశిన్రా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు ఏ ఊరికి పోయినా ఒక పాడుబడ్డ గడీనో (దొరలు ఉన్న కోట లాంటి పెద్ద ఇల్లు), గుట్ట మీద కోటనో, ఊరవతల పాత బంగ్లానో కనపడ్తది. దాన్ని ఎవరు కట్టిన్రు అని అడిగితే చెప్పేటోళ్లు తక్కువ, రాత్రి అటు పోవద్దు అనేటోళ్లు మాత్రం ప్రతి ఇంట్ల ఉంటరు. గజ్జెల సప్పుడు, తెల్లచీర, అర్ధరాత్రి దానంతట అదే తెరుచుకునే దర్వాజ, ఏడుపు. ఊరు మారినా కథ దాదాపు ఇదే. ఇది విన్నోళ్లలో సగం మంది అట్లనే నమ్ముతరు, మిగతా సగం మంది అంతా ఉత్తదే అని కొట్టిపారేస్తరు, కానీ పోయి చూసి, అడిగి, రాసుకునే పని మాత్రం ఇద్దరూ చెయ్యరు.

ఆ పని ఎందుకు చెయ్యాలంటే ముందు ఆ బిల్డింగ్ కోసం. దయ్యం ఉందన్న పేరు ఒక్కసారి పడితే పిల్లలు ఆడుకోవడానికి పోరు, పశువులు కాసేటోళ్లు పోరు, ఊరోళ్లు పండగకి కూడా శుభ్రం చెయ్యరు. రెండు వానాకాలాలు గడిస్తే పైకప్పులో మర్రి మొలక వేరు దిగుతది, ఇంకో అయిదారేళ్లకి దూలం జారుతది. మనుషులు వాడుతున్న పాత భవనాలకి ఈ గతి తక్కువ. గద్వాల మట్టికోట లోపల కాలేజీ నడిచింది, వనపర్తి రాజుల ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడిచింది, మనుషుల అలికిడి ఉంది కాబట్టి గోడలు కూడా నిలబడ్డయి. అందుకే దయ్యం మాటని తేలిగ్గా తీసుకోవద్దు అనేది, అది నిజమని కాదు, దాని వల్ల జరిగే నష్టం నిజం కాబట్టి.

విచారణలో అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఒక్కటే. ఆ మనిషి అక్కడ ఏదో చూసిన తర్వాత కథ విన్నడా, కథ విన్న తర్వాత పోయి చూశిండా? ఈ వరస తెలియకపోతే మీటర్లు, కెమెరాలు ఎన్ని పెట్టినా ఉపయోగం ఉండదు. చిన్నప్పటి నుంచి ఆ గడీలో ఆడామె ఉరేసుకుందని విన్నోడికి చీకట్లో వేలాడే గబ్బిలాల గుంపు కూడా ఉరి లెక్కనే కనపడ్తది, అది వాని తప్పు కాదు, కన్ను అట్లనే పనిచేస్తది. తక్కువ వెలుతురులో కంటికి అందేది సగమే, మిగతా సగం మెదడు తనకు తెలిసిన దాంతో నింపుకుంటది.

అర్థంకాని విషయాన్ని ఓపిగ్గా విచారించడానికి మంచి ఉదాహరణ నల్లగొండ పక్కనే ఉంది. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం, కుందూరు చోళుల కాలం గుడి. గర్భగుడిలో లింగం వెనక ఒక స్తంభం నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా ఒకే చోట ఉంటది. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమటికి పోతుంటే లోపల నీడ మాత్రం నిలబడే ఉంటది, పైగా ఆ నీడ పడేదానికి సరిపోయే స్తంభం ఎదురుగా కనపడదు. దేవుడి మహిమ అని మొక్కేటోళ్లు మొక్కుతరు, అది వాళ్ల భక్తి. సూర్యాపేటకు చెందిన ఒక ఫిజిక్స్ లెక్చరర్ మాత్రం గుడి మోడల్ చేసుకుని, లైట్ వేసి చూసి, విషయం తేల్చిండు. లోపలికి వచ్చేది నేరుగా ఎండ కాదు, మండపం పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుతురు, అది స్తంభాల మధ్య సందుల్లోంచి రెండు వైపులా గోడ మీద పడ్తది, ఆ వెలుతురు అందని నడిమి పట్టీనే మనకు నీడ లెక్క కనపడ్తది. సూర్యుడు ఏ దిక్కున ఉన్నా చెదిరిన వెలుతురు వచ్చే దారులు మారవు కాబట్టి నీడ కదలదు. ఈ సంగతి తెలిసిన తర్వాత గుడి గొప్పతనం తగ్గిందా అంటే ఇంకా పెరిగింది, తొమ్మిది వందల ఏళ్ల కిందటి శిల్పికి వెలుతురు మీద ఎంత పట్టుందో తెలిసింది. దయ్యాల విచారణ కూడా ఇదే పద్ధతిలో నడవాలి, చూసినోణ్ణి వెక్కిరించకుండా, చూసిన దాన్ని వదిలిపెట్టకుండా.

సాక్షితో మాట్లాడేటప్పుడు చాలామంది మొదటి ప్రశ్నలోనే పని పాడు చేస్తరు. "దయ్యం ఎట్లుంది?" అని అడిగితే అవతలోళ్లు దయ్యాన్నే వర్ణిస్తరు. "ఆ రాత్రి ఎందుకు పోయినవు, ఎక్కడ నిలబడ్డవు, ముందు చెవికి ఏం వినపడ్డది?" అని మొదలుపెట్టాలి. ఒక మాట తీసుకుందాం: "గడీలో ఆడామె ఏడుస్తుంటే విన్న." ఇందులో విన్నది ఒక శబ్దం, ఆడామె అన్నది ఆ మనిషి దానికి ఇచ్చిన అర్థం. అది సాగదీసినట్టుందా తెగి తెగి వచ్చిందా, పైనుంచా లోపల్నుంచా, ఎంతసేపు, గాలి ఉందా, ఏ నెల, అడుగు వేస్తే ఆగిందా లేదా? ఇట్ల అడుగుతూ పోతే చాలాసార్లు ఆ మనిషే మధ్యలో ఆగి ఆలోచిస్తడు. వానాకాలంలో రాత్రిపూట నెమలి అరుపు దూరం నుంచి వింటే అచ్చం మనిషి పిలిచినట్టే ఉంటది, ఈ జిల్లాల్లో నెమళ్లకు కొదవ లేదు. పిల్లుల జోడు అరుపు పసిపిల్ల ఏడుపు లెక్కనే ఉంటది. పాత భవనాల్లో గూడు పెట్టే తెల్ల మొహం గుడ్లగూబ అయితే కూత పెట్టదు, గొంతు చీల్చుకున్నట్టు కీచుమంటది, రెక్కల సప్పుడు అసలే రాదు. టార్చ్ వెయ్యగానే తెల్లటి గుండ్రటి మొహం ఒకటి సప్పుడు లేకుండా మీదికి వచ్చి పోయిందంటే ఎంత గుండె ధైర్యం ఉన్నోడైనా జడుసుకుంటడు.

ఇంకో మాట తరచుగా వినపడ్తది. "ఒక్కడు కాదు, అయిదుగురం చూశినం." అయిదుగురు కలిసి చూసినంత మాత్రాన అయిదు సాక్ష్యాలు కావు. 1935లో ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్ట్ ఒక ప్రయోగం చేసిండు. చీకటి గదిలో కదలకుండా ఉన్న చిన్న లైట్ చుక్కని చూపించి ఎంత దూరం కదిలింది అని అడిగిండు. చీకట్లో చుట్టూ ఏ ఆధారం లేనప్పుడు నిలకడగా ఉన్న చుక్క కూడా కదులుతున్నట్టే కంటికి అనిపిస్తది. ఒక్కొక్కళ్లని అడిగితే ఒక్కో లెక్క చెప్పిన్రు, గుంపులో కూర్చోబెట్టి అడిగితే మెల్లమెల్లగా అందరి లెక్క ఒక్కదగ్గరికి వచ్చింది. ఎవ్వరూ అబద్ధం చెప్పలే. గుట్ట మీద కొరివి దయ్యం కదులుతుంటే ఊరంతా చూసిందన్న మాటకి ఈ ప్రయోగం చాలావరకు జవాబు చెప్తది. అందుకే సాక్షుల్ని ఒకచోట కూర్చోబెట్టి అడగొద్దు, విడివిడిగా అడిగి, ఎవరి మాట వాళ్లది అప్పటికప్పుడే రాసుకుని, ఎవరు ఎక్కడ నిలబడ్డరో కాగితం మీద చిన్న మ్యాప్ గీయించుకోవాలి. మ్యాపులు పక్కపక్కన పెట్టి చూస్తే మాటల్లో కలిసిన కథ కాగితం మీద విడిపోతది.

అయితే అంతా మనసులోనే ఉందని తేల్చేసుడు కూడా తొందరపాటే. ఇంగ్లండ్‌లో హాంప్టన్ కోర్ట్ అనే పాత రాజభవనం ఉంది, ఎనిమిదో హెన్రీ రాణుల్లో ఒకామె అయిన కేథరీన్ హోవర్డ్ దయ్యం తిరుగుతదని దానికి పేరు. 2000 ప్రాంతంలో రిచర్డ్ వైజ్‌మన్ అనే సైకాలజిస్ట్ తన టీంతో అక్కడా, ఎడిన్‌బరో సౌత్ బ్రిడ్జి కింది నేలమాళిగల్లోనూ వందల మంది సందర్శకుల్ని నడిపించి, ఎక్కడ ఏం అనిపించిందో రాయించిండు. జనానికి వింత అనుభవాలు ఎక్కడపడితే అక్కడ కాలే, కొన్ని చోట్లనే గుంపుగా పడ్డయి. ఆ చోట్లకి అంతకుముందే పేరుందన్న సంగతి తెలియనోళ్లకి కూడా అక్కడే అనిపించింది. నేలమాళిగల్లో గది సైజు, కప్పు ఎత్తు, వెలుతురులో తేడా లాంటి వాటితో ఆ అనుభవాలకి సంబంధం కనపడ్డది. హాంప్టన్ కోర్ట్‌లో చల్లటి గాలి తగిలిందన్న చోట్ల కొన్నింట్ల పాత తలుపుల సందుల్లోంచి వచ్చే గాలి దొరికింది. అంటే చోటుకి తనదైన గుణం ఒకటి ఉంటది, కథ దాని మీద తర్వాత ఎక్కుతది. కాబట్టి "ముందు విన్నరా" అన్న ప్రశ్నకి "లేదు, ఏం తెలియకుండానే పోయిన" అని జవాబు వస్తే అప్పుడు చూడాల్సింది ఆ బిల్డింగ్‌ని.

మన దగ్గరి బిల్డింగులకి ఆ గుణం దండిగా ఉంది. దక్షిణ తెలంగాణ అంతా గ్రానైట్ బండ, భువనగిరి కోటనే ఒకే ఒక్క పెద్ద బండ మీద నిలబడ్డది, దేవరకొండ, రాచకొండ కోటలు గుట్టల నడుమ ఉన్నయి. ఎండాకాలం 44, 45 డిగ్రీల్లో పగలంతా కాగిన బండ రాత్రి చల్లారుతుంటే బిగుసుకుంటది, అప్పుడప్పుడు టప్ టప్ అని పగులు శబ్దం వస్తది. గడీల్లో టేకు దూలాలు, వాసాలు, చెక్క మెట్లు ఉంటయి, పగటి వేడికి సాగి రాత్రి చల్లదనానికి ముడుచుకుంటయి. పగలు మనుషులు నడిచినప్పుడు వంగిన మెట్టు చెక్క రాత్రి ఒక్కొక్కటే తిరిగి లేస్తుంటే ఎవరో మెట్లెక్కుతున్నట్టే వినపడ్తది. పై అంతస్తులో పరుగెత్తిన సప్పుడు వినపడ్డదంటే మానుపిల్లిని అనుమానించాలి, పగలంతా అటకలో పడుకుని రాత్రి వేటకి దిగుతది, బరువు ఉన్న జంతువు కాబట్టి పెంకుల మీద అడుగు గట్టిగానే పడ్తది. పొద్దున పోయి అటక మీద గింజలతో నిండిన రెట్ట కనపడ్తదేమో చూస్తే సగం సంగతి తేలిపోతది.

గోడల సంగతి వేరే. డంగు సున్నం గోడకి చెమ్మ ఎక్కితే ఉప్పు బయటికొచ్చి పెచ్చులు ఊడతయి, ఆ మచ్చల్లో మొహాలు కనపడ్తయి. రెండు చుక్కలు, కింద ఒక గీత ఉంటే చాలు మొహం అని పట్టుకోవడం మనిషి మెదడుకి పుట్టుకతో వచ్చిన గుణం. రక్తపు మరకలు అని చూపించేవి చాలావరకు ఇనుప సలాకల తుప్పు కారిన చారలే, వాన పడినప్పుడల్లా కొత్తగా కనపడ్తయి. "తుడిచినా మళ్లీ వస్తది" అన్న మాటలో అబద్ధం లేదు, తుప్పు పట్టిన సలాక అక్కడే ఉన్నప్పుడు మరక మళ్లీ రాక ఏం చేస్తది?

బావులు, పాతర్ల దగ్గర మాత్రం పరాచికాలు లేవు. గడీల్లో ధాన్యం దాచే పాతర్లు ఉండేవి, కోటల్లో లోతు బావులు, సొరంగాలు ఉన్నయి. "దిగినోడు తిరిగి రాలే, లోపల ఏదో గుంజుకుంది" అనే కథ చాలా చోట్ల వినపడ్తది, ఈ కథ వెనక నిజమైన చావు ఉండే అవకాశం ఎక్కువ. మూసుకుపోయిన బావిలో, పాతరలో కుళ్లిన ఆకు, గింజల వల్ల ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటది, హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉండొచ్చు. దిగిన మనిషి అరవకుండానే కూలిపోతడు, కాపాడదామని దిగిన రెండో మనిషి కూడా అట్లనే పోతడు, పైన ఉన్నోళ్లకి మాత్రం ఏ కారణం కనపడదు. పాతకాలం వాళ్లు ముందు దీపం దించి చూసేది ఇందుకే. దీపం ఆరిపోతే దిగొద్దు, ఆరకపోయినా విషవాయువు లేదని గ్యారంటీ లేదు, ఏ విచారణ కోసమైనా సరే అట్లాంటి దాంట్ల దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అది ఫైర్ సిబ్బంది పని.

గాలి వల్ల మనిషికి కనపడేవి, వినపడేవి మారిపోవడం కొత్త సంగతి కాదు. 1921లో విల్మర్ అనే కంటి డాక్టర్ ఒక అమెరికా కుటుంబం సంగతి రాసిండు. కొత్తగా దిగిన పాత ఇంట్ల వాళ్లకి అడుగుల సప్పుళ్లు, మనుషుల ఆకారాలు, తలనొప్పి, నీరసం, మొక్కలు చచ్చిపోవడం. చివరికి చూస్తే ఇంటిని వెచ్చబెట్టే కొలిమి పాడై పొగంతా గదుల్లోకి వస్తున్నది, అది బాగుచేసినంక అన్నీ ఆగిపోయినయి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. మన దగ్గర కొలిమి ఉండదు గానీ చలికాలం తలుపులు మూసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునే వాచ్‌మన్ ఉంటడు, లోపల జనరేటర్ నడిపే షూటింగోళ్లు ఉంటరు. రాత్రి అక్కడ పడుకున్నోళ్లకి తలనొప్పి, వాంతి, ఏవో ఆకారాలు అని వింటే తాయత్తు కంటే ముందు కిటికీ తెరవాలి, డాక్టర్‌కి చూపించాలి.

వాచ్‌మన్ల దగ్గర ఎక్కువగా వినే ఇంకో అనుభవం గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, కళ్లు తెరిచే ఉన్నా చెయ్యి కదలనట్టు, అరుద్దామంటే గొంతు రానట్టు అనిపించుడు. దీన్ని స్లీప్ పెరాలసిస్ అంటరు. కలలు వచ్చే నిద్రలో శరీరం కదలకుండా మెదడే కట్టి పెడ్తది, ఒక్కోసారి మెలకువ ముందు వచ్చి ఆ కట్టు విడవడం కొన్ని క్షణాలు లేటయితది, కల మాత్రం కళ్ల ముందే నడుస్తుంటది. నైట్ డ్యూటీలు మారేటోళ్లకి, సరిగ్గా నిద్ర లేనోళ్లకి, వెల్లకిలా పడుకునేటోళ్లకి ఎక్కువ. పాత భవనంలో ఒంటరిగా పడుకునే మనిషికి ఇవన్నీ ఉంటయి. అందుకని సాక్షి నిలబడి ఉన్నడా పడుకుని ఉన్నడా అన్నది తప్పక అడగాలి.

యూట్యూబ్‌లో ఈమధ్య ప్రతి దయ్యం వీడియోలో వినపడే మాట ఇన్‌ఫ్రాసౌండ్. దీని అసలు కథ ఆసక్తిగా ఉంటది. విక్ టాండీ అనే ఇంగ్లండ్ ఇంజనీర్ ల్యాబ్‌లో పనిచేస్తుంటే చెమటలు పట్టుడు, ఎవరో చూస్తున్నట్టు అనిపించుడు, కంటి మూలన బూడిదరంగు ఆకారం కనపడుడు. మరుసటి రోజు పోటీకి వాడే కత్తి బ్లేడుని రిపేర్ కోసం బిగిస్తే అది దానంతట అదే ఊగింది. ల్యాబ్‌లో కొత్తగా బిగించిన ఫ్యాన్ వల్ల సుమారు 19 హెర్ట్జ్ శబ్దతరంగం గదిలో నిలబడి ఉందని లెక్కగట్టి 1998లో పేపర్ రాసిండు. మనిషి చెవికి 20 హెర్ట్జ్ కంటే కింద వినపడదు గానీ శరీరానికి తెలుస్తదని ఆయన వాదన. ఇంతవరకు అందరూ చెప్తరు, తర్వాత జరిగింది చెప్పరు. 2009లో క్రిస్ ఫ్రెంచ్, ఆయన తోటి పరిశోధకులు లండన్‌లో ఒక గదిని కట్టి, అందులో ఇన్‌ఫ్రాసౌండ్‌ని, అయస్కాంత క్షేత్రాన్ని కావాలని పెట్టి 79 మందిని ఒక్కొక్కరిని లోపల ఉంచితే చాలామందికి వింత అనుభవాలు కలిగినయి, కానీ మెషిన్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా తేడా రాలే. ఏదో జరుగుతదని ముందే చెప్పడమే పనిచేసి ఉండొచ్చని వాళ్లు తేల్చిన్రు. కాబట్టి మిర్యాలగూడ దిక్కు రైస్‌మిల్లు మోటార్ ఆగినప్పుడల్లా గడీలో దయ్యం కూడా ఆగుతుందా అని టైం రాసుకుని చూడడం మంచిదే, ఫోన్ యాప్‌లో 19 అని చూపించింది కాబట్టి కారణం దొరికిపోయింది అనుకోవడం మాత్రం తప్పు. ఫోన్ మైక్‌ని మాటల కోసం తయారు చేస్తరు, అంత కింది శబ్దాన్ని అది నమ్మకంగా పట్టదు.

మిగతా గాడ్జెట్ల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అయస్కాంత మీటర్ గోడలో కరెంట్ వైరు, చేతిలో ఫోన్, ఇనుప సలాక ఏది దగ్గరికొచ్చినా మోగుతది. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో తేలే గుండ్రటి వెలుగులు కెమెరా ముందరి దుమ్ము, గబ్బిలాల గదిలో నడిస్తే లేచే దుమ్ము మామూలుగా ఉండదు. ఆ గబ్బిలాల రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్క్ పెట్టుకోవాలి. గాడ్జెట్ల కంటే పనికొచ్చేది పోలిక. దయ్యం పేరున్న గదిలో గంటసేపు కూర్చుంటే, అదే రాత్రి ఏ పేరూ లేని ఇంకో పాత గదిలో కూడా గంట కూర్చోవాలి, కూర్చునేటోళ్లకి ఏది ఏదో చెప్పొద్దు. రెండు చోట్లా ఒకే తీరు సప్పుళ్లు వస్తే ఆ గదికి ప్రత్యేకం ఏం లేనట్టు. ఈ పని చేసే చానల్ చాలా అరుదు, ఎందుకంటే దాంట్ల చూడడానికి ఏముండదు.

ఇంతదాకా చెప్పింది చూసిన దాని సంగతి. కథ సంగతి ఇంకా లోతైంది, దాన్ని వదిలేస్తే విచారణ సగమే అయినట్టు. అబద్ధమని తేలిన కథ కూడా ఎక్కడినుంచో పుట్టాలి కదా. నల్లగొండ గడీల దయ్యం కథల్లో ఎప్పుడూ ఒక ఆడామె ఉంటది, ఒక బావి ఉంటది, ఒక అర్ర ఉంటది, దొర ఉంటడు. ఆ కాలపు గడీలో ఏం జరిగిందో చరిత్ర తెలిసినోళ్లకి ఇవి కొత్త కాదు. వెట్టి, నాగులు (వడ్డీ మీద ఇచ్చే ధాన్యం అప్పులు), దండుగలు, దొర బిడ్డ పెళ్లి చేసుకుని అత్తగారింటికి పోతే వెంట పంపిన ఆడబాపలు అనే దాసీలు, జీవితమంతా ఆ గోడల మధ్యనే ఉండిపోయి పేరు కూడా మిగలకుండా పోయినోళ్లు. 1946 జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ అనే పెద్ద దొర మనుషుల కాల్పుల్లో, దొరల మీద తిరగబడ్డ దొడ్డి కొమరయ్య చనిపోయిండు, ఆయన పేరు నిలిచింది. చిట్యాల దగ్గరి గుండ్రాంపల్లిలో రజాకార్లు మనుషుల్ని చంపి బావిలో పడేసిన సంగతిని ఆ ప్రాంతం ఇంకా మర్చిపోలే. గడీ లోపలి అర్రల్లో పోయిన ఆడోళ్లకి మాత్రం స్తూపం లేదు, కాగితం లేదు. ఊరు వాళ్లని గుర్తుపెట్టుకున్న తీరు దయ్యం కథ ఒక్కటే కావొచ్చు.

అట్లని ప్రతి కథ వెనక నిజంగా ఒక హత్య ఉందని రాసేయకూడదు, అది ఇంకో రకం తప్పు. విచారించే పద్ధతి ఉంది. ఊర్లో డెబ్బై దాటిన ముసలోళ్లని, ముఖ్యంగా గడీలో పని చేసిన కుటుంబాలోళ్లని ఇంటికి పోయి కలవాలి, "దయ్యం" అనే మాట ఎత్తకుండా "గడీలో పని ఎట్లుండేది, ఎవరెవరు ఉండేది, ఎక్కడ పండుకునేది" అని అడగాలి. కథలోని పేరు వాళ్ల నోటి నుంచి దానంతట అదే వస్తే దానికి బరువు ఎక్కువ. ఆ కథ ఎప్పటి నుంచి ఉంది, మీ చిన్నప్పుడు ఉండేదా అని అడగాలి. కొన్ని కథలు వందేళ్లవి అనుకుంటం గానీ అడుగుతూ పోతే ఏదో సినిమా వచ్చిన తర్వాతనో, వీడియో తీసినోళ్లు వచ్చి పోయిన తర్వాతనో మొదలైనట్టు తేలుతది. చెప్పేటోళ్లు ఆ దుఃఖం మోసినోళ్ల మనవలు, మనవరాళ్లు కావొచ్చు కాబట్టి వాళ్ల ముందు కెమెరా పెట్టి భయపడ్డట్టు నటించమని అడగడం కంటే నీచమైన పని లేదు.

కావాలని పుట్టించిన కథలు కూడా ఉన్నయి, వాటి వెనక ఎక్కువగా గుప్తనిధుల పిచ్చి ఉంటది. పాత కోటలు, పాడుబడ్డ గుళ్లు ఉన్న చోట ఈ తవ్వకాల బెడద ఎప్పటినుంచో ఉంది. నంది విగ్రహం కింద, గర్భగుడి గచ్చు కింద, బురుజు అడుగున తవ్వుతరు, ఏం దొరకదు, దొరికేది పగిలిన నంది. అమావాస్య రాత్రి కోట మీద దీపాలు కదిలినయి, గడ్డపార సప్పుడు వచ్చింది అంటే దయ్యం కంటే ముందు అనుమానించాల్సింది వీళ్లని. జనం భయపడి అటు పోకపోతే లాభం వీళ్లకే కాబట్టి ఆ పుకారుని వీళ్లే పెంచుతరు. నిమ్మకాయలు, పసుపు, కుంకుమ, ముగ్గు, కోడి ఈకలు కనపడితే పారిపోకుండా పక్కన కొత్తగా తవ్విన మట్టి ఉందా చూడాలి. ఫొటో తీసి పోలీసులకి చెప్పాలి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలపాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెప్తది, రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. రాష్ట్రానికి 2017 హెరిటేజ్ చట్టం వేరే ఉంది.

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది దయ్యం మాట బతికున్న మనిషి మీదికి మళ్లినప్పుడు. పాలమూరు దిక్కు బాణామతి (చేతబడి) పేరుతో ఏం జరిగిందో పెద్దోళ్లకి తెలుసు, ఇంటి మీద రాళ్లు పడుడు, బట్టలు అంటుకునుడు, తర్వాత ఊరు ఒక ముసలామెనో, ఒంటరి మనిషినో పట్టుకుని కొట్టుడు. శ్రీలంకలో ఉండి ఇట్లాంటి కేసులు విచారించిన హేతువాది అబ్రహాం కోవూర్ ఇంట్లోని ఒక్కొక్కళ్లతో విడిగా, ఓపిగ్గా మాట్లాడేటోడు, చాలాసార్లు రాళ్లు వేసింది ఆ ఇంట్లోనే ఏదో బాధ ఎవరికీ చెప్పుకోలేని మనిషి అని తేలేది. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక అనే సైన్స్ ప్రచార సంస్థ మన ఊర్లల్లో చేసింది కూడా ఇదే తీరు పని. ఊర్లో ఎవరి పేరైనా ఆ కోవలో వినపడ్డదంటే గడీ విచారణ అక్కడితో పక్కన పెట్టి ముందు ఆ మనిషికి రక్షణ అడగాలి.

పోయే ముందు పర్మిషన్ తీసుకోవాలి, గడీకి వారసులు ఉంటరు, కోటకి పురావస్తు శాఖ ఉంటది. రాజస్థాన్ భాన్‌గఢ్‌లో చీకటి పడ్డాక రావొద్దన్న బోర్డుని దయ్యాలకి రుజువుగా చూపిస్తరు, నిజానికి ఆ శాఖ రక్షిత కట్టడాల్లో సూర్యాస్తమయం తర్వాత లోపలికి పంపకపోవడం మామూలు రూలే. మొదటిసారి పగలే పోవాలి, కప్పు ఎక్కడ కుంగింది, బావి ఎక్కడుంది, పాము పుట్టలు ఎక్కడున్నయి చూసుకోవాలి. ఒక్కసారి పోయి వచ్చి తీర్పు చెప్పొద్దు, ఏప్రిల్‌లో బండ చేసే సప్పుడు ఆగస్టులో ఉండదు, ఆగస్టులో ఉబ్బి బిగుసుకున్న తలుపు జనవరిలో గాలికే తెరుచుకుంటది. తేదీ, టైం, గాలి, వాన, వెన్నెల, మిల్లు నడుస్తుందా లేదా అన్నీ ఒకే నోట్‌బుక్‌లో పడాలి. కారణం తేలినవి తేలినట్టు, తేలనివి తేలలేదనే రాసి, ఒక కాపీ గ్రామపంచాయతీలో, ఇంకోటి ఊరి స్కూల్లో ఇస్తే తర్వాత పోయేటోళ్లు మొదటి నుంచి మొదలుపెట్టే పని ఉండదు, వాళ్లు ముందుగా చూడాల్సింది తేలనివి అని రాసిన పేజీలే.